ఐదు లక్షల్లో ఊళ్లో పక్కా ఇల్లు: జాగ కాగితం నుంచి ఇంటి నంబర్ దాకా

ప్రభుత్వం ఇంటికిచ్చే ఐదు లక్షల రూపాయలను 400 చదరపు అడుగులకు పంచితే అడుగుకు 1,250 రూపాయలు పడతాయి. 600 అడుగులకు పంచితే 833. ఇందిరమ్మ ఇల్లు మంజూరైన ప్రతి కుటుంబం ముగ్గు పోయించకముందే వేసుకోవాల్సిన లెక్క ఇది. నల్లగొండ, పాలమూరు ఊళ్లలో సగంలో ఆగిన ఇళ్లలో చాలావాటి కథ ఒకటే. జాగ ఉంది కదా అని పెద్ద బునాది తీస్తారు. గోడలు లేచేసరికి చేతిలో పైసలు అయిపోతాయి. మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి స్లాబ్ వేస్తారు. ఆ తర్వాత ప్లాస్టరింగ్, బాత్రూం, కిటికీ తలుపులు ఏళ్ల తరబడి అట్లనే ఉండిపోతాయి. మూడు రూపాయల మిత్తి అంటే లక్షకు నెలకు మూడు వేలు, ఏడాదికి 36 వేలు. పత్తి చేను మీద బతికే కుటుంబానికి ఆ బరువు మామూలుది కాదు.

వాన పడితే కారకూడదు. మే నెల మధ్యాహ్నం లోపల మనిషి నడుం వాల్చగలగాలి. ఆడపిల్ల చీకట్లో బయటికి పోవాల్సిన పని ఉండకూడదు. నడుం వంగిన ముసలవ్వ ఒకరి చెయ్యి పట్టుకోకుండా బాత్రూంకు పోగలగాలి. ఈ నాలుగూ ఉంటే 420 అడుగుల ఇల్లయినా నిండైన ఇల్లే, ఇవి లేకుంటే వెయ్యి అడుగులు కట్టినా ఇబ్బందే. చిన్నగా కట్టండి, కానీ పూర్తిగా కట్టండి. ఈ మార్గదర్శి మొత్తం ఆ పట్టు మీదే నడుస్తుంది.

మొదటి మెట్టు: పథకం ఏమిస్తుంది, ఏమడుగుతుంది

ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభించారు. మన వైపు 2025 ఫిబ్రవరి 21న నారాయణపేట జిల్లా అప్పక్‌పల్లిలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. అంతకుముందు డబుల్ బెడ్రూం పథకంలో 560 అడుగుల ఇంటిని ప్రభుత్వమే కట్టి తాళం చేతికిచ్చేది. ఇప్పుడు సొంత జాగలో మీరే కట్టుకోవాలి, ప్రభుత్వం ఐదు లక్షలు విడతలుగా మీ ఖాతాలో వేస్తుంది. ఈ తేడాను బాగా గుర్తుంచుకోవాలి. సిమెంట్ ఏది, ఇల్లు కట్టే సుతారి ఎవరు, కంకర ఎంత అన్నది మీ చేతుల్లోనే ఉంది. పని బాగున్నా, చెడినా ఆ ఇంట్లో ఉండేది మీరే.

ఇల్లు ఆ ఇంటి ఆడమనిషి పేరున మంజూరవుతుంది. విస్తీర్ణం 400 అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. దాటితే బిల్లు ఆగుతుంది. వంటగది, మరుగుదొడ్డి, ఆర్‌సీసీ స్లాబ్ తప్పనిసరి. డబ్బు నాలుగు విడతల్లో వస్తుంది: బేస్‌మెంట్ పూర్తయ్యాక లక్ష, ఆ తర్వాత గోడలకు, స్లాబుకు, చివరికి మొత్తం ఇల్లు పూర్తయ్యాక. ప్రతి దశలోనూ సిబ్బంది వచ్చి ఆ జాగలోనే ఫొటో తీసి యాప్‌లో ఎక్కిస్తారు. అందుకే వాళ్లు వచ్చి ముగ్గు పోయకముందే తొందరపడి గుంతలు తవ్వకండి. కూలికి పుణెకో, ముంబైకో పోయే కుటుంబమైతే ఫొటోల రోజుకు ఊళ్లో ఉండేటట్టు ముందే మాట్లాడుకోండి. ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో, మంజూరు పత్రంలో పేరు ఒక్కలాగే ఉందో లేదో అక్షరం అక్షరం చూసుకోండి. ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా డబ్బు పడక నెలలు గడిచిపోవచ్చు.

కేంద్రం పీఎం ఆవాస్ గ్రామీణ్ పథకం మైదాన ప్రాంతంలో ఒక ఇంటికి లెక్కగట్టే సాయం 1.20 లక్షలు, కనీస విస్తీర్ణం 25 చదరపు మీటర్లు. రెండు పథకాల పేర్లు విని తికమకపడకండి, మీ మంజూరు పత్రం మీద ఏ పథకం ఉందో దాని షరతులే మీకు వర్తిస్తాయి.

రెండో మెట్టు: జాగ

ఊరి గ్రామకంఠంలో తాతల నాటి జాగకు పాసుపుస్తకం ఉండదు. ఇంటి పన్ను రసీదులు, పంచాయతీ రిజిస్టర్‌లో పేరు, కరెంటు బిల్లు ఇవే ఆధారం. అన్నదమ్ముల మధ్య నోటిమాట పంపకమై ఉంటే కట్టడం మొదలుపెట్టకముందే కాగితం రాయించుకోండి. గోడ లేచాక వచ్చే తగాదా మనుషుల్ని విడదీస్తుంది, ఇల్లునూ ఆపుతుంది. పొలంలో కట్టాలనుకుంటే వ్యవసాయేతర భూమిగా మార్పించుకోవాలి, దాన్నే నాలా అంటారు. ఎవరి దగ్గరైనా చవకగా ప్లాటు కొంటుంటే అది ప్రభుత్వం పేదలకిచ్చిన, అమ్మకూడని అసైన్డ్ భూమో, చెరువు నీళ్లు నిండే శిఖమో తహసీల్దార్ ఆఫీసులో అడిగి తెలుసుకోకుండా బయానా ఇవ్వకండి.

వానాకాలంలో ఒకసారి ఆ జాగ దగ్గర నిలబడి చూడండి. నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోతున్నాయో చూస్తే బేస్‌మెంట్ ఎత్తు మీకే తెలుస్తుంది. మన ఊళ్లలో సీసీ రోడ్డు మీద మళ్లీ సీసీ రోడ్డు వేస్తారు, ప్రతిసారీ రోడ్డు కొంత లేస్తుంది. అందుకని బేస్‌మెంట్‌ను నేల నుంచి కాకుండా రోడ్డు మీది నుంచి కొలిచి రెండడుగులు లేపండి.

మూడో మెట్టు: నక్ష

బయటి కొలత 20 అడుగులు, 21 అడుగులు అనుకుందాం. మొత్తం 420 చదరపు అడుగులు. ముందు భాగంలో 10×11 హాలు, దాని పక్కన 8×11 అర్ర. వెనక 10×8 వంటిల్లు, దాని పక్కన 8×4 బాత్రూం, మరుగుదొడ్డి, మిగిలిన 8×4లో బియ్యం బస్తాలు, పనిముట్లు పెట్టుకునే చిన్న కొట్టు. నలుగురైదుగురున్న కుటుంబానికి ఇది సరిపోతుంది. పైకి మెట్లు ఇప్పుడే కట్టొద్దు, వాటికి జాగ వదిలితే చాలు. ఇంటి ముందు రెండు కడీలు పాతి తడకల పందిరి వేసుకుంటే పగలంతా మనుషులు ఉండేది అక్కడే.

వాస్తును పట్టించుకునేవాళ్లు పట్టించుకోండి, ఆగ్నేయంలో వంటిల్లు పెట్టినందువల్ల నష్టమేమీ లేదు. కానీ పడమటి ఎండను కూడా వాస్తును చూసినంత శ్రద్ధగా చూడండి. మన దగ్గర మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా పడమటి గోడ కాలిపోతుంది. ఆ వైపు పడుకునే అర్ర బదులు బాత్రూం, కొట్టు వస్తే ఇల్లు చల్లగా ఉంటుంది. కుదరకపోతే ఆ వైపు పెద్ద కిటికీ పెట్టకండి, గోడకు కాస్త దూరంగా కానుగో వేపో నాటండి. ప్రతి అర్రకు ఎదురెదురుగా రెండు గాలి దారులు ఉండాలి. ప్రతి కిటికీ మీద రెండడుగుల సజ్జ ఉండాలి.

గ్యాస్ ఉన్నా నీళ్లు కాగబెట్టడానికి, పండగ వంటలకు కట్టెల పొయ్యి ఉండనే ఉంటుంది. దాన్ని ఇంట్లోకి తేకుండా వెనక సజ్జ కింద జాగ చూపించండి. వంటింట్లో పైన, కప్పుకు దగ్గరగా పొగ పోయే జాలీ పెట్టించండి.

మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు బిగుసుకుపోయిన పెద్దవాళ్లు ఉన్న ఇళ్లకు ఒక్క మాట. ముందు మెట్లకు బదులు ఏటవాలు దారి కట్టండి, రెండడుగుల ఎత్తుకు 24 అడుగుల పొడవైనా ఉండాలి. జాగ చాలకపోతే గోడ వెంబడి మలిపి కట్టొచ్చు. బాత్రూంలో కూర్చునే కమోడ్ పెట్టి, పక్క గోడకు ఇనుప పైపు పట్టుకొమ్మగా బిగించండి. నక్షలోనే రాసుకుంటే దీనికి పెద్ద ఖర్చు కాదు. కట్టాక పగలగొడితే అవుతుంది.

నాలుగో మెట్టు: పైసలు, సుతారి

ప్రభుత్వ బిల్లు పని అయ్యాక వస్తుంది, పనికి ముందు రాదు. బేస్‌మెంట్ మొత్తం మీ పైసలతో కట్టాకే మొదటి లక్ష పడుతుంది. అది ఎప్పుడు పడుతుందన్నది మీ చేతిలో ఉండదు. కనీసం లక్షన్నర దగ్గర పెట్టుకుని మొదలుపెట్టండి. ఇంటి ఆడమనిషి మహిళా సంఘంలో ఉంటే ముందు సంఘంలో, బ్యాంకు లింకేజీలో అప్పు అడగండి. బయటి మిత్తి ఆఖరి దారి. ఎద్దులనో గేదెనో అమ్మి స్లాబ్ వేయాలన్న ఆలోచన వస్తే పని ఆపి, వచ్చే బిల్లు దాకా ఆగడమే మేలు. కట్టిన గోడను ఒక వాన ఏమీ చేయదు, రోజూ పాలిచ్చే గేదె పోతే మళ్లీ రాదు.

దేశంలో ఎన్నో ప్రాజెక్టులు, బ్యారేజీలు పాలమూరు లేబర్ చేతుల మీద లేచాయి. పనిమంతులకు మనకు కొరత లేదు, కొరతంతా ఒప్పందంలోనే. లేబర్ గుత్త అడుగుకు ఇంత అని నోటితో అనుకుంటే సెంట్రింగ్ ఎవరిది, బాత్రూం టైల్స్ ఎవరిది, సజ్జలు అడుగుల లెక్కలోకి వస్తాయా అన్న తగాదా స్లాబ్ దగ్గర మొదలవుతుంది. ఒక తెల్ల కాగితం మీద పనులన్నీ వరసగా రాసి, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించండి. డబ్బును దశల వారీగా ఇవ్వండి, ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్ అయ్యి మొదటి వానలు దాటేదాకా పదో వంతు మీ దగ్గరే ఆపుకోండి. సుతారికి కష్టమొచ్చి అడ్వాన్స్ అడిగితే ఇవ్వొచ్చు, కానీ అదే కాగితం వెనక రాసుకోండి.

పని మొదలుపెట్టే కాలం కూడా చూసుకోవాలి. పత్తి ఏరేటప్పుడు, వరి కోసేటప్పుడు కూలి దొరకదు, దొరికినా రేటు ఎక్కువ. ఏప్రిల్, మేలో బోర్లు ఎండి, కట్టిన గోడకు నీళ్లు కొట్టడానికే నీళ్లు ఉండవు. సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి మార్చిలోపు స్లాబ్ వేసుకోగలిగితే అన్నిటికన్నా నయం.

ఐదో మెట్టు: బునాది

ముందు నేలను చూడండి. నల్లగొండ, దేవరకొండ, నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్ చుట్టూ చాలా ఊళ్లలో ఎర్ర చల్క కింద రెండు మూడడుగుల్లోనే గట్టి మొరం తగులుతుంది. అక్కడ ఒక అంతస్తు ఇంటికి పిల్లర్లు అక్కర్లేదు. రాతి బునాది, దాని మీద బేస్‌మెంట్ ఎత్తున చుట్టూరా కాంక్రీటు పట్టీ (ప్లింత్ బీమ్), తొమ్మిది అంగుళాల గోడలు చాలు. "పిల్లర్లు లేకుంటే ఇల్లేనా" అని పక్కవాళ్లు అంటారు. పిల్లర్ల గుంతల్లో పోసే ఆ స్టీలు డబ్బుతో బాత్రూం, కిటికీలు పూర్తవుతాయి. అయితే అలంపురం వైపు, కృష్ణ ఒడ్డున నల్లరేగడి నేలల సంగతి వేరు. ఆ మట్టి వానకు ఉబ్బి, ఎండకు చీలుతుంది. అక్కడ రాతి బునాది మీద గోడలు లేపితే రెండేళ్లలో మూలలకు పగుళ్లు వస్తాయి. అక్కడ మాత్రం ఇళ్ల పనులు చూసే ఇంజనీరును (ఏఈని) అడిగి ఆ నేలకు తగిన పిల్లర్లు, గ్రేడ్ బీములు వేయించండి. ఆ ఖర్చు తప్పదు, అందుకే ఇంటి విస్తీర్ణం ఇంకా తగ్గించుకోండి.

బేస్‌మెంట్ నింపేటప్పుడు మట్టి ఒక్కసారే పోసి పైన నీళ్లు చల్లడం పెద్ద పొరపాటు. మొరం అరడుగు మందాన పోసి, తడిపి, దిమ్మిస కొట్టి, మళ్లీ పోయాలి. అట్లా చేయకపోతే ఏడాది తిరక్కుండానే బండలు కుంగుతాయి. ఎర్ర నేలల్లో చెదలు ఎక్కువ. బండలు పరవకముందే గోడల వెంబడి చెదల మందు కొట్టించండి, కొట్టేవాళ్లు చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, పిల్లలు ఆ దగ్గరికి రాకూడదు. నేలకు టైల్స్ కంటే తాండూరు నాపరాయి చల్లగా ఉంటుంది, ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఆరో మెట్టు: గోడలు

ఇటుక కొనేముందు బట్టీ దగ్గరే నాలుగు ఇటుకలు తీసి చూడండి. రెండిటిని కొడితే గంటలాగా మోగాలి. మూడడుగుల ఎత్తు నుంచి గట్టి నేల మీద పడేస్తే ముక్కలు కావొద్దు. గోరుతో గీస్తే గీత పడొద్దు. సిమెంట్ బస్తా మీద తయారైన వారం, సంవత్సరం ముద్రించి ఉంటుంది, మూడు నెలలు దాటింది వద్దు. వాడపల్లి, మఠంపల్లి వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు మనకు దగ్గర్లోనే ఉన్నాయి, పాత స్టాకు కొనాల్సిన గతి మనకు లేదు. ఇసుకను గాజు సీసాలో సగం పోసి, నీళ్లు నింపి, బాగా కుదిపి పెట్టండి. మూడు గంటల తర్వాత ఇసుక మీద మన్ను పొర తేలుతుంది. ఆ పొర ఇసుకలో పదో వంతుకు మించితే ఆ ట్రాక్టర్‌ను వెనక్కి పంపండి.

ఇటుకను నిలువుగా పెట్టి మధ్యలో ఖాళీ వదిలి కట్టే పద్ధతి ఒకటుంది, ఎలుకబోను కట్టుబడి అంటారు. కేరళలో లారీ బేకర్ దీన్ని బాగా వాడుకలోకి తెచ్చారు. ఇటుకలు దాదాపు నాలుగో వంతు తగ్గుతాయి, మధ్యలోని గాలి పొర వల్ల ఎండ వేడి లోపలికి తక్కువ వస్తుంది. కానీ ఇటుకలన్నీ ఒకే కొలతలో ఉండాలి, సుతారికి ఆ పని వచ్చి ఉండాలి. మన బట్టీ ఇటుకలు వంకరటింకరగా ఉంటాయి కాబట్టి కొలత తప్పని ఫ్లై యాష్ ఇటుకతోనే దీన్ని ప్రయత్నించండి. మొదలుపెట్టేముందు ఏఈకి చెప్పండి. చూసి నేర్చుకోవాలనుకునే సుతారిని రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థలోని రూరల్ టెక్నాలజీ పార్కుకు పంపండి, తక్కువ ఖర్చు ఇళ్ల నమూనాలు అక్కడ కట్టి ఉన్నాయి.

దర్వాజలు, కిటికీల మీదుగా చుట్టూ తెగకుండా ఒక లింటెల్ బీమ్ పోయించండి. కిటికీ మీద వరకే ముక్కలు ముక్కలుగా వేస్తే మూలల్లో ఏటవాలు పగుళ్లు వస్తాయి.

ఏడో మెట్టు: స్లాబ్

ఇంటికి ప్రాణం ఇదే, చెడేదీ ఎక్కువ ఇక్కడే. 420 అడుగులకు ఐదంగుళాల స్లాబ్ అంటే సుమారు 175 ఘనపుటడుగుల కాంక్రీటు. సిమెంట్ ఒక పాలు, ఇసుక ఒకటిన్నర, కంకర మూడు పాళ్ల లెక్కన దాదాపు 40 బస్తాలు పడుతుంది. సజ్జలు, బీములు వేరే. స్టీలు నాలుగు క్వింటాళ్ల చుట్టూ ఉంటుంది, అసలు లెక్క ఏఈ ఇచ్చే డ్రాయింగ్ చెప్పాలి.

పాళ్లను గంపలతో కొలిస్తే మధ్యాహ్నానికి లెక్క తప్పుతుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు, 15 అంగుళాల ఎత్తుతో చెక్క పెట్టె చేయించండి. ఒక సిమెంట్ బస్తా అందులో సరిగ్గా పడుతుంది. బస్తాకు ఒకటిన్నర పెట్టె ఇసుక, మూడు పెట్టెల కంకర. నీళ్లు బస్తాకు 25 నుంచి 27 లీటర్లు, అంటే 13 లీటర్ల బకెట్‌తో రెండు. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. ఎండ ఎక్కేకొద్దీ పైపు పట్టుకున్న మనిషి "ఇంకొంచెం జారుగా ఉంటే లాగనీకి తేలిక" అని నీళ్లు వదులుతాడు. పాపం వాళ్ల నడుం నొప్పి వాళ్లది. కానీ ఆ అదనపు నీళ్లు ఆరిపోయాక అవి ఉన్నచోట సన్నని రంధ్రాలు మిగులుతాయి, రేపు వాన నీళ్లు దిగేది వాటిలోంచే, చువ్వలు తుప్పు పట్టేది అక్కడే. స్లాబ్ రోజు ఇంటి మనిషి ఒకరు కాంక్రీటు కలిపే మిల్లర్ దగ్గర నిలబడి బకెట్లు లెక్కపెట్టాలి, పొద్దున భోజనాల ఏర్పాటు కన్నా ఈ పని ముఖ్యం.

బోరు నీళ్లు నోట్లో పోస్తే ఉప్పగా ఉంటే కాంక్రీటుకు వాడొద్దు, ఉప్పు చువ్వలను తినేస్తుంది. ట్యాంకర్ తెప్పించుకోండి.

సెంట్రింగ్ రేకుల మీద చువ్వలు తగిలి ఉండకూడదు. ముప్పాతిక అంగుళం మందం సిమెంట్ బిళ్లలు ముందే పోసి పెట్టుకుని చువ్వల కింద వరసగా పెట్టండి. రాయి ముక్కలు పెట్టొద్దు, అవి జారిపోతాయి. కరెంటు పైపులు, ఫ్యాను కొక్కేలు వేశాక ఫొటో తీసి పెట్టుకోండి, బిల్లుకూ పనికొస్తుంది, రేపు గోడకు రంధ్రం వేసేటప్పుడూ పనికొస్తుంది.

వేసిన మర్నాటి నుంచే మట్టి కట్టలు పోసి మడులు కట్టి నీళ్లు నిలపాలి. మామూలు సిమెంట్‌కు కనీసం ఏడు రోజులు, బూడిద కలిసిన పీపీసీ సిమెంట్‌కు పది రోజులు, ఎండాకాలమైతే 14 రోజులు. మనకు షాపుల్లో దొరికేది ఎక్కువగా పీపీసీనే. 14 అడుగుల లోపు అర్రల స్లాబు కింద ఆనించిన పోట్లు ఏడు రోజులకు ముందు తీయకూడదు. సెంట్రింగ్ సామాన్లు ఇంకో ఊళ్లో కావాలని మేస్త్రీ తొందరపెడతాడు. రెండు రోజుల కిరాయి ఎక్కువైనా ఇవ్వండి.

ఎనిమిదో మెట్టు: వేడి తగ్గించడం

స్లాబ్ మీద నీళ్లు నిలవకుండా ఒక వైపుకు వాలు ఇచ్చి, ఇటుక జల్లి సున్నంతో దిమ్మిస కొట్టిస్తే కారదు, వేడీ దిగదు. అంత ఖర్చు పెట్టలేకపోతే ఏటా శివరాత్రి దాటాక సున్నంలో జిగురు కలిపి రెండు పూతలు తెల్లగా పూయండి. తెల్లటి కప్పు ఎండను వెనక్కి కొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం చెప్పేదీ ఇదే.

తొమ్మిదో మెట్టు: మరుగుదొడ్డి, నీళ్లు

సెప్టిక్ ట్యాంకు కంటే రెండు గుంతల మరుగుదొడ్డి చవక, శుభ్రం. ఒక్కోటి మూడడుగుల పైచిలుకు వెడల్పు, నాలుగడుగుల లోతు, రెండిటి మధ్య మూడడుగుల ఎడం. ఇటుకల మధ్య సందులు వదిలి కట్టాలి, అడుగు సిమెంట్ చేయకూడదు. బోరుకు, బావికి కనీసం 33 అడుగుల దూరం. ఒకటి నిండాక దారి రెండో గుంతకు మళ్లిస్తారు, మొదటిది రెండేళ్లు ఆగితే వాసన లేని ఎరువు అవుతుంది. 2017లో వరంగల్ వైపు గంగదేవిపల్లిలో అప్పటి కేంద్ర తాగునీటి, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా గుంతలోకి దిగి ఆ ఎరువు ఎత్తి చూపించారు. స్నానం నీళ్లు, వంటింటి నీళ్లు ఈ గుంతల్లోకి పంపొద్దు, వాటికి వేరే ఇంకుడు గుంత తీసి పక్కన అరటో, కరివేపాకో పెట్టండి.

కప్పు మీది వాన నీళ్లను వదిలేయకండి. 420 అడుగుల కప్పు మీద 600 మిల్లీమీటర్ల వాన పడితే 23 వేల లీటర్లు. అందులో ఫ్లోరైడ్ ఉండదు. మొదటి వాన నీళ్లు బయటికి వదిలి, తర్వాతవి గుడ్డ వడపోతతో మూత ఉన్న డ్రమ్ముల్లో పట్టుకుంటే, మిషన్ భగీరథ నల్లా రాని రోజున ఫ్లోరైడ్ బోరు వైపు చూడాల్సిన పని ఉండదు. తాగడానికైతే కాచి చల్లార్చండి.

జాబితాలో పేరు రాకపోతే

ఇప్పుడున్న రేకుల ఇంటినే బాగుచేసుకోవచ్చు. గోడలకు రేకులకు మధ్య జానెడు సందు వదిలి జాలీ బిగిస్తే వేడి గాలి బయటికి పోతుంది. రేకుల మీద తెల్ల సున్నం, కింద వెదురు తడకల అటుక వేస్తే మధ్యాహ్నం తేడా తెలుస్తుంది. సిమెంట్ రేకులను కోయడం, రంధ్రాలు వేయడం వీలైనంత మానండి, తప్పనిసరైతే తడిపి చేయండి, ఆ దుమ్ములో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఊపిరితిత్తులకు హాని. గూన పెంకుల ఇల్లు ఉంటే తొందరపడి పడగొట్టకండి, పాడైన వాసాలు మార్చి పెంకులు తిరగేయిస్తే ఇంకో పదేళ్లు చల్లగా ఉండొచ్చు. జాగ లేనివాళ్లు ఇళ్ల స్థలం కోసం విడిగా దరఖాస్తు పెట్టి రసీదు దాచుకోండి.

ఇల్లు పూర్తయ్యాక

చివరి విడత పడగానే పని అయిపోయిందనుకోవద్దు. పంచాయతీ కార్యదర్శి దగ్గరికి పోయి ఇంటి నంబర్ వేయించి, పన్ను ఇల్లు మంజూరైన ఆడమనిషి పేరున రాయించండి. కరెంటు మీటరు, నల్లా కనెక్షన్ కూడా ఆమె పేరుననే తీసుకోండి. మంజూరు పత్రం, బిల్లులు, స్లాబ్ రోజు ఫొటోలు ఒకే సంచిలో పెట్టి దాచండి. మొదటి వానలకు కప్పు కింది భాగాన్ని, గోడ మూలల్ని చూడండి. తడి మచ్చ కనిపిస్తే దాని మీద రంగు వేసి కప్పేయకుండా, పైన ఆ చోట నీళ్లు నిలుస్తున్నాయేమో చూసి వాలు సరిచేయించండి. సుతారికి ఇవ్వకుండా ఆపిన పదో వంతు డబ్బు ఆ వానలు దాటాక ఇస్తానని మొదటి కాగితంలోనే రాయించి ఉంటే, అతనే వచ్చి సరిచేసి పోతాడు.